పగటి వేషానికి సమయస్ఫూర్తే పెట్టుబడి

పగటి వేషానికి తెర లేదు, వేదిక లేదు. వీధే రంగస్థలం. అరుగు మీది పెద్దాయన, కొట్లోని షావుకారు కూడా అందులో పాత్రధారులే. పద్యాలు ముందే నేర్చినవైనా, మధ్యలో మాటలు అప్పటికప్పుడు అల్లాల్సిందే.

అందుకే కళాకారులు ఊళ్లో దిగగానే జనం పేర్లు, వృత్తులు, కబుర్లు ఆరా తీస్తారు. సోమయాజులు-సోమిదేవమ్మ వేషంలో ఉండగా ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే, తడుముకోకుండా సోమయాజులు ధోరణిలోనే బదులివ్వాలి. వేషం మరిచి మాట్లాడితే రక్తి పోతుంది.

మాట నవ్వించాలి గానీ నొప్పించరాదు. రోజుకో వేషం కట్టినా సంభావన అడిగేది చివరి రోజునే. ఈలోగా ఒక్క మాట జారితే అన్నాళ్ల శ్రమా వృథా.

ఈ నేర్పు పుస్తకాల్లో దొరకదు. పెద్దల వెంట ఊరూరా తిరిగితేనే అబ్బుతుంది. సినిమా, టీవీ వచ్చాక వేషాలు తగ్గాయి. వెంట తిరిగే కుర్రాళ్లు లేకుంటే పద్యాలు మిగులుతాయేమో గానీ, ఆ జవాబులు మిగలవు.