మాటకు పరీక్ష

మందుకు పరీక్ష పెట్టడం సులువు. సగంమందికి అసలు మాత్ర, సగంమందికి అదే రంగులో ఉత్త చక్కెరబిళ్ళ ఇచ్చి, ఎవరికి ఏది అందిందో చెప్పకుండా చూస్తారు. మరి మాటకు పరీక్ష పెట్టడం ఎల్లాగు? చక్కెరబిళ్ళలాంటి మాటను తయారుచెయ్యలేం గదా! తెలుగు పాఠాలు చెప్పి బ్రతికేవాణ్ణి, నాకు మాటమీద మమకారం సహజం. అంచేతనే కాబోలు, డిప్రెషన్ అనే దిగులు జబ్బుకు మాటలతో చేసే వైద్యాన్ని లెక్కగట్టి చూశారని తెలిశాక, వివరాలు కనుక్కునేదాకా ఊరుకోలేకపోయాను.

చిక్కు ఎక్కడుందో ముందు మనవి చేస్తాను. మా బావగారు పోయిన తరవాత మా పెద్దక్కయ్య ఎనిమిది నెలలు మంచం విడవలేదు. తిండి సయించదు, నిద్ర పట్టదు. కన్నబిడ్డలు పలకరించినా గోడవైపు తిరిగి పడుకునేది. డాక్టరుగారు బలానికి టానిక్కు రాశారు. మా అమ్మ తిరుపతి కొండకు మొక్కుకుంది. పక్కింటి పిన్నిగారు రోజూ సాయంత్రం వచ్చి గంటసేపు కబుర్లు చెప్పేది. తొమ్మిదో నెలలో ఒకనాడు అక్కయ్య తనంతట తనే లేచి వంకాయలు తరిగింది. ఇహ చూడండి! టానిక్కు గుణమని డాక్టరుగారు, వెంకన్న చలవని అమ్మ, తన కబుర్ల మహిమని పిన్నిగారు! ఏమీ చెయ్యకపోయినా ఆవిడ లేచి ఉండేదేమో అన్న మాట మాత్రం ఎవరూ అనలేదు.

ఆ మాట 1952లో లండనులో హాన్స్ ఐసెంక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అన్నాడు. మాటల వైద్యం జరిగినా జరగకపోయినా, మనోవ్యాధి గలవారిలో సుమారు మూడింట రెండువంతులమంది రెండేళ్ళలో బాగుపడుతున్నారని ఆయన వాదం. పెద్ద రగడే అయింది. ఆయన లెక్కల్లో లొసుగులున్నాయని తరవాతివారు చూపించారు. అయినా ప్రశ్న నిలిచింది. వైద్యం అందనివారితో పోల్చకుండా, బాగుపడినవారిని చూసి మురిసిపోతే ఏం లాభం?

అల్లాటి పోలిక మన దేశంలోనే, గోవాలో జరిగింది. డాక్టర్ విక్రమ్ పటేల్, సంగాత్ సంస్థవారు కలిసి 2013 నుంచి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో దిగులు ముదిరిన 495 మందిని తీసుకున్నారు. చీట్లు వేసిన పద్ధతిలో రెండు జట్లు చేశారు. రోగినో డాక్టరునో ఎంచుకోనిస్తే ఉత్సాహవంతులంతా ఒకేవైపు చేరిపోతారు గదా! రెండు జట్లవారి సంగతీ అక్కడి డాక్టర్లకు తెలియజేశారు, చికిత్సకు సూచనలూ ఇచ్చారు. ఒక జట్టుకు మాత్రం అదనంగా ఆరు నుంచి ఎనిమిది విడతలు మాటల వైద్యం. మూడు నెలల తరవాత ప్రశ్నలు వేసి చూసినవారికి, ఎదుటి మనిషి ఏ జట్టో తెలియనివ్వలేదు.

ఫలితం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మాటల వైద్యం జరిగినవారిలో నూటికి 64 మంది తేరుకున్నారు. జరగనివారిలో 39 మంది. రెండో అంకె చూడండి. అది లేకపోతే మొత్తం 64 మందినీ మాట ఖాతాలోనే వేసుకునేవారం, మా పిన్నిగారి లాగా! మాటకు దక్కవలసింది నూటికి 25 మంది. నా మట్టుకు నాకది చిన్న సంఖ్యగా కనిపించదు. పాతికమంది అంటే పాతిక ఇళ్ళు. ఏడాది తరవాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది.

ఇంతకూ ఆ మాటలు చెప్పినవారు మానసిక వైద్యులు కారు. ఆ వైద్యమేదీ చదవని స్థానికులు, శిక్షణ పొందినవారు. వారు చేసింది ఓదార్పూ కాదు, నీతిబోధా కాదు. దిగులు పట్టినవాడు పనులూ మనుషులూ మానేస్తాడు. మానేసినకొద్దీ దిగులు పెరుగుతుంది. ఆ ముడి విప్పడమే వీరి పని. ఈ వారం వీధి చివరిదాకా నడవడమో, చెల్లెలి ఇంటికి వెళ్ళిరావడమో, ఏదో ఒకటి రోగితోనే ఎంపిక చేయించి, వచ్చేవారం ఏమైందని అడుగుతారు. ఆరోగ్య కేంద్రానికి రాలేకపోతే వారే ఇంటికి వెళ్ళేవారు. “ధైర్యంగా ఉండమ్మా” అని మనం పారేసే మాటకూ దీనికీ ఎంత దూరం!

లోపం లేకపోలేదు. ప్రశ్నలు వేసేవారికి జట్టు తెలియకపోయినా, జవాబు చెప్పే రోగికి తెలుసు. మొహమాటానికి కాస్త మెరుగనే చెప్పి ఉండవచ్చు. పైగా నూటికి 36 మంది మాటల వైద్యం పొందీ తేరుకోలేదు. అల్లాటివారికి మందులో, పెద్ద డాక్టరో కావాలి. చావు ఊసెత్తే మనిషి ఇంట్లో ఉంటే వారాల లెక్క పెట్టుకు కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ ఫోను నంబరు 14416. డబ్బు అక్కర్లేదు, రాత్రయినా పగలయినా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు.