ముందు రొట్టె, తర్వాతే మాట

గండికోట జలాశయం నిండిందంటే కడప జిల్లా రైతుకు పండుగే. అయితే ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు వాసులు ఇళ్ళు వదిలి కదలాల్సి వచ్చింది. ఇంటికీ పొలానికీ పరిహారం లెక్కగట్టవచ్చు. అరుగు మీది కబుర్లకూ, చర్చి గంటకూ, ఊరి చివరి సమాధులకూ ఎవరు లెక్కగట్టగలరు?

అలా ఊరొదిలి వచ్చిన ఒక పెద్దామెను పరామర్శించడానికి కొన్నేళ్ళ క్రితం వెళ్ళాను. రాత్రిళ్ళు నిద్ర లేదు, అన్నం సహించదు, ఆరాధనకు రావడం మానేసింది. ఆమె అంతా చెప్పకముందే నేను బైబిలు తెరిచాను. మన స్వాస్థ్యం పరలోకంలో ఉందన్నాను. విశ్వాసి ఇలా కృంగిపోకూడదన్నాను, ప్రార్థన చేసి లేచాను. గడప దాటుతుంటే ఆమె మెల్లగా అడిగింది: "అయ్యగారూ, ఈస్టర్ దినం తెల్లారుజామున ఆయన సమాధికి సున్నం కొట్టి పూలు పెడుతుంటిని. ఈసారి యాడ పెట్టేది?"

నా దగ్గర జవాబు లేదు. అసలు ఆమె బాధేమిటో నాకు తెలిసిందే అప్పుడు! అప్పటిదాకా నేను చేసిన ప్రసంగమంతా ఆమె అడగని ప్రశ్నకు జవాబు.

ఆ తర్వాతే మానసిక వైద్యులు, కౌన్సెలర్లు ఇలాంటి వారితో ఎలా మాట్లాడతారో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నకొద్దీ ఏలీయా ప్రవక్త గుర్తొచ్చాడు. కర్మెలు పర్వతం మీద అగ్నిని దింపిన ఏలీయా, యెజెబెలు బెదిరింపుకు ప్రాణభయంతో పరుగెత్తి, అరణ్యంలో బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు (1 రాజులు 19వ అధ్యాయం). భయం, నిరాశ, ఒంటరితనం మూడూ ఒకేసారి కమ్ముకున్న మనిషి. దేవుడు అతణ్ణి 'నీ విశ్వాసం ఏమైంది?' అని నిలదీయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత తట్టి లేపి వేడి రొట్టె, నీళ్ళు ఇప్పించాడు. మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ పెట్టాడు. హోరేబుకు చేరాక కూడా ముందు అడిగింది ప్రశ్నే. ఏలీయా తన గోడు వెళ్ళబోసుకున్నాడు. రెండోసారీ అదే ప్రశ్న, రెండోసారీ అదే జవాబు. 'ఇందాకే చెప్పావుగా' అని దేవుడు విసుక్కోలేదు.

మంచి కౌన్సెలర్ చేసేదీ ఇంచుమించు ఇదే. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉందని ముందు అడుగుతాడు. చెప్పిందే చెప్పినా వింటాడు. డిప్రెషన్‌లో ఉన్నవారికి పెద్ద లక్ష్యాలు పెట్టడు. రేపు పొద్దున లేచి ముఖం కడుక్కుని వీధి చివరి దాకా నడిచి రమ్మంటాడు. ఉత్సాహం వచ్చాక పనిచేద్దామని కూర్చుంటే అది రాదు. చిన్నపని మొదలుపెడితే ఉత్సాహం మెల్లగా వెనకే వస్తుంది. ఆ తర్వాతే ఆలోచనల జోలికి వెళ్తాడు. అమెరికాలో ఆరన్ బెక్ అనే వైద్యుడు 1960వ దశకంలో రూపొందించిన చికిత్సలో ఇది ముఖ్యమైన భాగం. 'నేనెందుకూ పనికిరాను', 'నాకెవరూ లేరు' లాంటి తలంపులను బయటికి తీసి, అవెంతవరకు నిజమో రోగితోపాటే పరీక్షిస్తారు. నేనొక్కణ్ణే మిగిలానన్న ఏలీయాకు, బయలుకు మోకరించనివారు 7,000 మంది ఉన్నారని దేవుడు చెప్పింది చూడండి. ఆ లెక్క ఎప్పుడు చెప్పాడు? తిండి, నిద్ర, వినడం అన్నీ అయ్యాక. నేనేమో ఆ లెక్కతోనే మొదలుపెట్టాను!

ఆందోళనతో గుండె దడదడలాడే వారికి ఊపిరి నిదానంగా వదలడం నేర్పుతారు. భయపడి తప్పించుకు తిరుగుతున్న చోటికి కొద్దికొద్దిగా వెళ్ళేలా తోడుంటారు. దుఃఖం దారి మాత్రం వేరు, దాన్ని జబ్బులా తొలగించాలని చూడరు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ఒక సంగతి వివరించారు. ఆప్తులను పోగొట్టుకున్న మనిషి కాసేపు పోయినవారి కోసం విలపిస్తాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు. అలా అటూ ఇటూ ఊగడం సహజమేనట. పొద్దున ఏడ్చి సాయంత్రం నవ్వినామెను చూసి 'అప్పుడే మర్చిపోయింది' అనే సంఘపెద్దలు దీన్ని గమనించాలి. లాజరును లేపబోతున్నానని తెలిసీ ప్రభువు కన్నీళ్ళు పెట్టుకున్నాడు కదా.

మన మిషనరీ చరిత్రలోనూ మనం దాటవేసే పేజీ ఒకటుంది. విలియం కేరీ పేరు తెలియని సంఘం ఉండదు. ఆయన భార్య డొరొతీ గురించి ఎందరికి తెలుసు? 1794లో బెంగాల్‌లో వారి కొడుకు పీటర్ విరేచనాల జబ్బుతో చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరింది, 1807లో కన్నుమూసే దాకా కుదుటపడలేదు. ఆనాడు అటువంటి జబ్బుకు తగిన చికిత్స లేదు. ఈనాడు ఉండీ మనం దయ్యమనో, దాచిన పాపమనో ముద్రవేసి ఉపవాస కూటాలకు తిప్పుతూ ఏళ్ళు గడిపేస్తే ఆ బాధ్యత ఎవరిది? ప్రార్థన మానమని ఎవరూ అనడం లేదు. షుగర్‌కు మాత్ర వేసుకుని ప్రార్థించేవాళ్ళం, మనసుకు మాత్ర వేసుకుంటే విశ్వాసం పోయినట్టా?

రాయలసీమ వాళ్ళకు వేలూరు కొత్త కాదు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో 1957లో డాక్టర్ ఫ్లోరెన్స్ నికల్స్ మానసిక వైద్య విభాగాన్ని ఆరంభించారు. బాగాయంలోని ఆ కేంద్రంలో రోగితోపాటు ఇంటి మనిషి కూడా ఉండే పద్ధతి తొలినాళ్ళ నుంచీ ఉంది. రోగిని గదిలో పెట్టి తాళం వేయకుండా, రేపు ఇంటికెళ్ళాక ఎలా చూసుకోవాలో ఇంటివారికీ నేర్పుతారు. ఏలీయాకు ఎలీషాను తోడిచ్చినట్టే అనుకోండి. అంతదూరం వెళ్ళలేనివారికి కడప ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్యులున్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కాపరులకు మరోమాట. చావు మాటలు మాట్లాడే మనిషిని సూటిగా అడగండి, 'చనిపోవాలనిపిస్తోందా?' అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంచకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి.

ఆ పెద్దామె దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఈసారి నా భార్యతో. బైబిలు సంచిలోనే ఉంచాను. ఆయన పేరేమిటి, ఏం పని చేసేవాడని అడిగాం. పెళ్ళినాటి నుంచి మొదలుపెట్టి మూడు గంటలు చెప్పింది. మధ్యలో ఏడ్చింది, ఒకసారి పకపకా నవ్వింది కూడా. పొద్దుగూకుతుంటే లేచి, "సంగటి చేస్తా, తినిపోండి" అంది. ముగ్గురం కూర్చుని తిన్నాం. ఆ ఈస్టర్‌కు సంఘమంతా కలిసి జలాశయం ఒడ్డుకు వెళ్ళాం. తెల్లవారుతుండగా ఆమె పూలను నీళ్ళ మీద వదిలింది.