మీకు తెలుసా? అట్లాంటిక్‌లో మంచు కరిగితే మన బంగాళాఖాతం ఉప్పెక్కింది!
హైదరాబాద్‌లోని అల్వాల్ చెరువు అలుగు పారితే ఆ నీరు మూసీ, కృష్ణల మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. నదులు ఇలా మోసుకొచ్చే మంచినీటితో అక్కడి పైనీటి ఉప్పదనం తగ్గుతుంది. సుమారు 17,000 ఏళ్ల కిందట ఉత్తర అట్లాంటిక్‌లోకి మంచుకొండలు విరిగిపడి కరిగాయి. వేడిని ఉత్తరానికి చేరవేసే సముద్ర ప్రవాహం మందగించింది. దాంతో ఇక్కడ నైరుతి రుతుపవనం నీరసించింది, నదులు చిక్కాయి, బంగాళాఖాతం ఉప్పెక్కింది.

ఇదంతా ఎలా తెలిసింది? సముద్రపు అడుగు బురదలో సగ్గుబియ్యపు నూకల్లాంటి బుల్లి గవ్వలుంటాయి. ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులవి. గవ్వలోని మెగ్నీషియం నాటి నీటి వేడిని చెబుతుంది. బరువైన, తేలికైన ఆక్సిజన్ల పాళ్లు దానికి తోడైతే ఉప్పదనం లెక్క తేలుతుంది. ఎంత అద్భుతమైన దస్తావేజు! గోవాలోని శాస్త్రవేత్తలు గోవిల్, దివాకర్ నాయుడు పశ్చిమ బంగాళాఖాతపు బురదను ఇలాగే చదివి, 32,000 ఏళ్ల వానల చరిత్రను 2011లో ప్రచురించారు.