పాత కంప్యూటరు... కొత్త విండోస్‌!

పదేళ్ల కిందట పిల్లల చదువుకోసమని కొన్న కంప్యూటరు. ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. కానీ విండోస్‌ 11 వేద్దామంటే ‘ఇందులో కుదరదు’ అంటోంది. మరి పాత సామాన్లవాడికి ఇచ్చేయాల్సిందేనా? తొందరొద్దు!

విండోస్‌ 10కి మామూలుగా ఇచ్చే అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్‌ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. నమోదు చేసుకున్నవారికి మాత్రం భద్రతా అప్‌డేట్ల కోసం మరో ఏడాది గడువిచ్చింది. అవీ ఆగిపోతే కంప్యూటరు మూలన పడదు కానీ వైరస్‌ల బెడద పెరుగుతుంది. బ్యాంకు పనులకు అది వాడటం ప్రమాదమే.

2021లో వచ్చిన విండోస్‌ 11కి 4 జీబీ ర్యామ్‌, 64 జీబీ స్టోరేజీ ఉంటే చాలు. చిక్కల్లా ప్రాసెసర్‌తోనూ టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతోనూ. ఇంటెల్‌ రకమైతే, ఏవో కొన్ని తప్ప, 2017లో మొదలైన ఎనిమిదో తరం నుంచి వచ్చినవే పనికొస్తాయి. కొన్నింట్లో టీపీఎం ఉన్నా ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి ఆన్‌ చేస్తే సరి. లోపం ఎక్కడుందో మైక్రోసాఫ్ట్‌ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్‌ చెక్‌’ చెప్పేస్తుంది.

ప్రాసెసరే పాతదైతే? లినక్స్‌ మింట్‌, ఉబుంటు లాంటివి ఉచితమే. ఇంటర్నెట్‌కీ, ఉత్తరాలు రాసుకోవడానికీ, సినిమాలకీ భేషుగ్గా సరిపోతాయి. టాలీ లాంటి విండోస్‌ ప్రోగ్రాములు మాత్రం వాటిలో నేరుగా నడవవు.

ఏది వేసినా ముందు ఫొటోలన్నీ వేరేచోట దాచుకోండి. కంప్యూటరు మళ్లీ కొనుక్కోవచ్చు, పాపాయి తొలి పుట్టినరోజు ఫొటోని కొనలేం కదా!