ఫారిన్‌లో ఉన్నప్పుడు రిటైర్మెంట్‌కి ఎంత దాచాలి? లెక్క సూళ్లూరుపేట ఖర్చుతో వేద్దాం

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక మెసేజ్. మన సూళ్లూరుపేట తమ్ముడే, 30 ఏళ్ళు, కువైట్‌లో ఏసీ మెకానిక్. "అన్నా, నెలకి ఎంత పక్కన పెడితే ముసలితనంలో ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతకొచ్చు? ఒక వీడియోలో కోటి చాలంటారు, ఇంకో వీడియోలో ఆరు కోట్లు కావాలంటారు. ఎవర్ని నమ్మాలి?" అని అడిగాడు.

ఇద్దర్నీ నమ్మొచ్చు తమ్ముడూ. ఎట్లాగో చెప్తా.

ముందు ఒక మాట. ఈ లెక్క దినార్లలో, దిర్హమ్‌లలో, డాలర్లలో మొదలుపెట్టొద్దు. సంపాదించేది అక్కడైనా, 60 దాటాక ఖర్చు పెట్టేది ఇక్కడ. గల్ఫ్‌లో పౌరసత్వం ఇవ్వరు, వీసా అయిపోతే ఇంటికి రావాల్సిందే. కాబట్టి మొదటి ప్రశ్న జీతం ఎంత అని కాదు, మన ఊళ్ళో ఇద్దరు మనుషులు సొంతింట్లో ఉండి బతకడానికి నెలకి ఎంత అవుతుంది అని. సరుకులు, కరెంటు, గ్యాస్, బీపీ షుగర్ మందులు, పెళ్ళిళ్ళకి చదివింపులు, పెద్ద డాక్టర్‌కి చూపించాలంటే నెల్లూరో చెన్నయ్యో వెళ్ళిరావడం. ఇవన్నీ కలిపి 30 వేలు అనుకుందాం. మీ ఇంట్లో 20 అయితే 20 వేసుకోండి. ఈ అంకె మీ అమ్మని అడిగితే నా కంటే కరెక్ట్‌గా చెప్తుంది.

నెలకి 30 వేలంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు. 60లో పని మానేసి 90 దాకా బతికితే 30 ఏళ్ళు. దాచిన డబ్బు మీద వచ్చే వడ్డీ, ధరల పెరుగుదల సరిసమానంగా పోతాయనుకుంటే, 30 ఏళ్ళ ఖర్చు చేతిలో ఉండాలి. 3.6 ఇంటూ 30, అంటే కోటీ 8 లక్షలు. మొదటి వీడియో ఆయన చెప్పిన కోటి ఇదే.

కానీ ఇది ఈ రోజు రూపాయల్లో. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయనుకుంటే, ఇప్పుడు 30 వేలకి వచ్చే సరుకు 30 ఏళ్ళ తర్వాత లక్షా 72 వేలు అవుతుంది. ఆ లెక్కన కోటీ 8 లక్షలు కాస్తా 6 కోట్ల 20 లక్షలు. రెండో వీడియో ఆయన ఆరు కోట్లు. రెండూ ఒకటే మొత్తం, ఒకటి ఇవాళ్టి రూపాయిలో, ఇంకోటి అప్పటి రూపాయిలో. భయపెట్టి పాలసీ అమ్మాలనుకునేవాళ్ళు ఎప్పుడూ రెండోదే చెప్తారు, అది గమనించండి.

ఇప్పుడు నెలకి ఎంత? పెట్టుబడి ఏడాదికి 10 శాతం చొప్పున పెరుగుతుందనుకోండి. ఇది గ్యారంటీ కాదు, ఇండెక్స్ ఫండ్ లాంటివాటిలో చాలా ఏళ్ళు ఓపిగ్గా ఉండేవాళ్ళు లెక్కల కోసం వేసుకునే అంకె మాత్రమే. 30 ఏళ్ళపాటు ఆపకుండా దాస్తే నెలకి పదిహేనున్నర వేలతో మొదలుపెట్టి, ఏటా 6 శాతం పెంచుకుంటూ పోతే చాలు.

బాగానే ఉంది కదా? కానీ ఇక్కడే ఫారిన్ వాళ్ళకి అసలు చిక్కు. ఆ తమ్ముడు 30 ఏళ్ళు కువైట్‌లో ఉంటాడా? ఉండడు. మహా అయితే 12 ఏళ్ళు. తర్వాత ఊరికొచ్చి చిన్న సంపాదనతో ఇల్లు నడుపుతాడు, కొత్తగా దాచేది ఏమీ ఉండదు. అప్పుడు 12 ఏళ్ళలోనే మొత్తం దాచి, మిగిలిన 18 ఏళ్ళు దాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. ఆ లెక్కన నెలకి ఇరవై ఎనిమిదిన్నర వేలు. సుమారు వంద దినార్లు. అదే డబ్బు 7 శాతం ఎఫ్‌డీలో పెట్టి ఊరుకుంటే? నెలకి 59 వేలు దాచాలి. రెట్టింపు కంటే ఎక్కువ. ఎఫ్‌డీ చెడ్డదని కాదు, 7 శాతం వడ్డీలో 6 శాతం ధరలే తినేస్తాయి, అంతే.

అంటే ఫారిన్ జీతాన్ని 12 ఏళ్ళ జీతంగా చూడకూడదు. అరవై ఏళ్ళ జీవితానికి ముందుగా ఇచ్చిన అడ్వాన్స్ అనుకోవాలి.

"మరి కంపెనీ వదిలేటప్పుడు డబ్బులిస్తుంది కదన్నా" అంటారు. ఇస్తుంది, చట్టప్రకారం ఇవ్వాలి కూడా. కువైట్‌లో 2010 నాటి ప్రైవేటు రంగ కార్మిక చట్టం ప్రకారం, నెల జీతం మీద చేసేవాళ్ళకి మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం. మొత్తం ఏడాదిన్నర జీతానికి మించదు. మీరే రాజీనామా చేస్తే మూడేళ్ళలోపు ఏమీ రాదు, మూడు నుంచి ఐదేళ్ళయితే సగం, ఐదు నుంచి పదేళ్ళయితే మూడింట రెండొంతులు, పదేళ్ళు దాటితే పూర్తిగా. తొమ్మిదిన్నరేళ్ళకి తొందరపడి పేపర్ పెట్టకండి అనేది అందుకే. ఇంటిపనికి వెళ్ళిన అక్కలకి వేరే చట్టం, 2015ది. వాళ్ళకి ఏడాదికి నెల జీతం. యూఏఈలో అయితే మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 21 రోజులు, తర్వాత 30 రోజులు, అదీ బేసిక్ మీదే. అలవెన్సులు కలుపుకుని ఆశ పెట్టుకోవద్దు.

మన తమ్ముడికి జీతం 250 దినార్లు అనుకుంటే 12 ఏళ్ళకి దాదాపు పది నెలల జీతం, మన డబ్బులో 7 లక్షల చిల్లర. నెలకి 30 వేల ఖర్చుకి అది రెండేళ్ళు వస్తుంది. రెండేళ్ళు! దాన్ని పెన్షన్ అనుకుని చాలామంది స్లాబ్‌లో పోసేస్తారు.

ఇల్లు కట్టడం తప్పని నేననను. సొంతిల్లు లేకపోతే పైన చెప్పిన 30 వేలు కూడా చాలదు. కానీ రెండో అంతస్తు, మూడో అంతస్తు అద్దెకోసమని కట్టేటప్పుడు కాలిక్యులేటర్ తియ్యండి. 50 లక్షలు పెట్టిన దానికి నెలకి 10 వేలు అద్దె వస్తే ఏడాదికి రెండున్నర శాతం కూడా రాలేదు. రంగులు, రిపేర్లు దాంట్లోంచే.

మన ఊళ్ళో ఇది ఇంకా బాగా కనపడుతుంది. షార్ పుణ్యమా అని ఇక్కడ పెన్షన్ తీసుకునే రిటైర్డ్ ఉద్యోగులు ఉన్నారు. 2004 జనవరి 1కి ముందు కేంద్ర సర్వీసులో చేరినవాళ్ళకి పాత పెన్షన్, తర్వాత చేరినవాళ్ళకి ఎన్‌పీఎస్. అదే వీధిలో గల్ఫ్ నుంచి వచ్చినాయనకి పక్కింటాయన కంటే పెద్ద ఇల్లు ఉండొచ్చు, కానీ ఒకటో తారీఖున ఫోన్‌లో టింగుమని మెసేజ్ రాదు. ప్రభుత్వం ప్రయత్నించలేదని కాదు. గల్ఫ్ కార్మికుల కోసం 2012లో కేంద్రం మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన అని పెన్షన్ పథకం తెచ్చింది. చేరినవాళ్ళు తక్కువ, తర్వాత మూసేశారు. కేరళలో మాత్రం 2008 చట్టంతో వచ్చిన ప్రవాసీ సంక్షేమ బోర్డు ఉంది, చందా కట్టినవాళ్ళకి 60 తర్వాత పెన్షన్ ఇస్తుంది. మనకి అట్లాంటిది లేదు, మనమే ఏర్పాటు చేసుకోవాలి.

ఏర్పాటు అంటే ఏముంది? ఎన్‌ఆర్‌ఐలు ఎన్‌పీఎస్‌లో చేరొచ్చు, టైర్ వన్ ఖాతా ఒక్కటే. నాకు దీంట్లో నచ్చేది ఏంటంటే మధ్యలో బావమరిది కారు కొంటానంటే తీసివ్వడానికి కుదరదు. పీపీఎఫ్ కొత్తగా తెరవలేరు. వెళ్ళకముందే తెరిచి ఉంటే 15 ఏళ్ళు నిండేదాకా కట్టొచ్చు, పొడిగించలేరు. మ్యూచువల్ ఫండ్ సిప్ ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచి పెట్టొచ్చు, కాకపోతే కేవైసీలో ఎన్‌ఆర్‌ఐ అని మార్పించాలి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో టాక్స్ లేదు. పాత సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా మార్చమని బ్యాంకుకి చెప్పకుండా వాడుతుంటారు చాలామంది, అది రూల్‌కి విరుద్ధం. వెళ్ళేముందు శ్రీసిటీలో పనిచేసి పీఎఫ్ ఉన్నవాళ్ళు పెన్షన్ భాగాన్ని తీసేసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చి మళ్ళీ ఉద్యోగం చేస్తే పాత సర్వీసు కలుస్తుంది, పదేళ్ళు నిండితేనే పెన్షన్. ఎక్కువేం రాదు, కానీ చనిపోయేదాకా వస్తుంది.

అమెరికా వాళ్ళ కథ కొంచెం వేరు. జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి కట్ అవుతుంది. 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ళ పని ఉంటేనే రిటైర్మెంట్ పెన్షన్. జర్మనీ, ఆస్ట్రేలియా, జపాన్ లాంటి దేశాలతో ఇండియాకి సామాజిక భద్రత ఒప్పందం ఉంది, అమెరికాతో లేదు. ఎనిమిదేళ్ళకి తిరిగొస్తే ఆ ఏళ్ళు ఇక్కడి సర్వీసుతో కలవవు. 401కెలో కంపెనీ కలిపే డబ్బు మాత్రం వదలొద్దు. యాభై తొమ్మిదిన్నరేళ్ళకి ముందు తీస్తే మామూలుగా టాక్స్ కాక 10 శాతం పెనాల్టీ, అది కూడా గుర్తుంచుకోండి.

మళ్ళీ మన తమ్ముడి దగ్గరికొస్తే, వంద దినార్లు ఇప్పుడు కుదరదన్నాడు. చెల్లెలి పెళ్ళి అప్పు ఇంకా రెండేళ్ళుంది. సరే, ఇప్పుడు ముప్పై దినార్లతో మొదలుపెట్టు, అప్పు తీరిన నెల నుంచే ఆ కిస్తీ మొత్తం ఇటు తిప్పు అన్నాను. మొదలే ఆలస్యం కాబట్టి తర్వాత వందకి ఇంకొంచెం పైనే పడుతుంది. జీతం పడిన రోజే డబ్బు కట్ అయ్యేలా తారీఖు పెట్టుకోమన్నాను, ఎందుకంటే నెలాఖరుకి మిగిలినవి దాద్దామనుకుంటే రూమ్‌లో చీటీ పాట ఉంటుంది, దాంట్లోకి పోతాయి.

ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు ఊళ్ళో ఉన్న బ్యాంకు బ్రాంచి నుంచి ఎట్లా మార్చుకోవాలి, ఏ కాగితాలు కావాలి అనేది వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద చూపిస్తా. మీ ఇంటి నెల ఖర్చు ఎంతో అప్పటికల్లా అమ్మని అడిగి రాసి పెట్టుకోండి. ఉంటా మరి.