చల్లని యాంప్లిఫయరు

ఎముకల కట్టుకు దక్షిణదేశమంతట పేరుగాంచిన పుత్తూరునందును, దాని చుట్టుపట్టుల గ్రామములందును, ఎండకాలమున ద్రౌపదమ్మ గుడియెదుట భారతము జరుగు దినములలో, పగటి హరికథయు రాత్రి వీధినాటకమును ఊరవతలి తోపులదాక వినిపించు మైకుసెట్టు పెట్టెను వెనుకనుండి ఒకసారి ముట్టి చూచినవాడు, దానికిచ్చిన కరెంటులో ఎంత భాగము శబ్దమై పోవుచున్నదో, ఎంత భాగము ఉత్త వేడిమియై పోవుచున్నదో గణితముతో పనిలేకయే గ్రహింపగలడు. ఆ పెట్టెలోని ట్రాన్సిస్టర్లు ఎప్పుడును పూర్తిగా తెరువబడక, పూర్తిగా మూయబడక, నడుమ నిలిచి స్పీకరునకు కావలసినంత వోల్టేజి మాత్రమే వదలి, తక్కినదానిని తమలోనే కాల్చుకొనును. బి తరగతి యని చెప్పబడు పద్ధతిలో లెక్కప్రకారము గరిష్ఠ సామర్థ్యము 78.5 శాతము; అదియు పెట్టె గొంతెత్తి అరచునప్పుడే గాని మెల్లగా పలుకునప్పుడు కాదు. బాగుగా పలుకుటకు పేరుబడిన ఎ తరగతి ఇంతకంటె దుబారా.

ఈ దుబారాను తప్పించు ఉపాయమును 1950ల దశకములో ఊహించినవాడు ఆంగ్లేయుడైన అలెక్ రీవ్స్. శబ్దమును అంకెలుగా మార్చి పంపు పద్ధతిని 1937లోనే కనిపెట్టినవాడును ఈయనయే. ఉపాయము విన సులువు. ఒక మడిలోనికి సగము నీరే పారవలెనన్నచో మడవను సగము తెరచి నిలుపవచ్చును. లేదా నిమిషము పూర్తిగా తెరచి, నిమిషము పూర్తిగా మూయుచు ఉండవచ్చును, మడిలో చేరు నీరు ఒక్కటే. ట్రాన్సిస్టరు పూర్తిగా తెరువబడినప్పుడు దానిపై వోల్టేజి నిలువదు, పూర్తిగా మూయబడినప్పుడు దానిగుండ కరెంటు పారదు. కాబట్టి రెండు స్థితులందును అది వేడెక్కుటకు హేతువు స్వల్పము. సెకనుకు కొన్ని లక్షల పర్యాయములు ఇట్లు తెరచుచు మూయుచు, తెరచి ఉంచు వ్యవధిని గాయకుని కంఠస్వరము ననుసరించి హెచ్చించుచు తగ్గించుచు పోయి, చివర ఒక తీగచుట్టచేతను ఒక కెపాసిటరుచేతను ఆ గంతులను వడగట్టినచో, మిగులునది పాటయే. దీనికి డి తరగతి యని పేరు.

చెప్పినంత సులువుగా జరిగినది కాదు. 1964లో ఇంగ్లండున క్లైవ్ సింక్లెయిర్ అను యువకుని సంస్థ ఎక్స్-10 అను పేర ఈ యంత్రమును ఔత్సాహికులు ఇంట కూర్చుకొనదగిన కిట్టుగా అమ్మెను. అనగా ఈ జాతి యంత్రము లోకమున తొలుత అడుగుపెట్టినదే నేర్చుకొనువాని బల్లమీద. పేరులో 10 యున్నను, దాని నిజమైన శక్తి రెండున్నర వాట్లు. అంతకంటె పెద్దదిగా 1966లో వచ్చిన ఎక్స్-20 సయితము ఆనాటి జెర్మేనియము ట్రాన్సిస్టర్ల మందగమనమునకు లోబడినది. తెరచుటకును మూయుటకును నడుమ ఆలస్యమైనకొలది వేడిమియు, అపస్వరమును తిరిగివచ్చుట సహజము గదా! 1959లో బెల్ ప్రయోగశాలలో అటల్లా, కాంగ్ అనువారు రూపొందించిన క్రొత్తజాతి ట్రాన్సిస్టరైన మాస్‌ఫెట్, 1970ల దశకమున శక్తిమంతమైన రూపము దాల్చిన పిమ్మట గాని ఈ పద్ధతికి తగిన కాలుసేతులు దొరకలేదు. 1995లో ఆద్య త్రిపాఠి అమెరికాలో స్థాపించిన ట్రైపాత్ సంస్థవారి టిఏ2020 అను చిప్పు, చవుకలో సుస్వరము సాధ్యమని చాటినది. సంస్థ మాత్రము 2007లో మూతపడినది. మంచి చిప్పు చేసినవాడు మంచి వ్యాపారి కావలెనను నియమము లేదు.

నేడు పుత్తూరున రైలెక్కి చెన్నపట్టణము పోయి, మౌంటురోడ్డు ప్రక్కని రిచీ వీధిలో అడిగిన కుర్రవానికి అరచేతి వెడల్పు బోర్డులు ఎన్నియో చూపుదురు. వానిపై 50, 100 వాట్లని అచ్చువేసి యుండును. ఈ అంకెల గొప్పలు సింక్లెయిర్ నాటినుండియు వచ్చుచున్న వంశాచారము. ఆ అంకెను చూచి బోర్డు కొనుట నాకు సమ్మతము కాదు. తొలుత స్పీకరును, పిదప విద్యుదాధారమును, కట్టకడపట చిప్పును ఎన్నుకొనవలెను. కరకంబాడిలో తయారగు కారు బ్యాటరీ వంటి 12 వోల్టుల ఆధారమునకు 4 ఓముల స్పీకరు తగిలించినచో, వోల్టేజిని దానితోనే గుణించి ఓములకు రెట్టింపుచే భాగింపగా వచ్చునది 18 వాట్లు; 8 ఓములైనచో 9. బోర్డుపై ఏమి వ్రాసియున్నను లెక్క మారదు. ప్రసిద్ధమైన టిపిఏ3116 చిప్పు 50 వాట్లు ఇయ్యవలెనన్న 21 వోల్టులును 4 ఓముల స్పీకరును కావలెను. అంతకును, ఇంటి గదిలో ఒక వాటే చాల గట్టిగా వినబడును. శక్తిని రెట్టింపు చేసిన హెచ్చునది 3 డెసిబెల్లే.

కేవలము అనుభవము లేనివాడు పిఏఎమ్8403 అను 5 వోల్టుల చిన్న బోర్డుతో, ఫోను ఛార్జరుతో మొదలుపెట్టుట మేలు. అది ఇచ్చునది 3 వాట్లు. చెడినను దుఃఖము లేదు. విడి ట్రాన్సిస్టర్లతో డి తరగతిని తానే నిర్మింపబూనుట మాత్రము సాహసము. ఆ వేగమున ఒక అంగుళము తీగ సయితము తన ప్రతాపము చూపును. సిద్ధమైన బోర్డు తెచ్చి, దానికి పెట్టెయు, వాల్యూము కంట్రోలును, విద్యుదాధారమును చక్కగా అమర్చుటలోనే నేర్వవలసిన విద్య చాల యున్నది. ఆధారపు తీగలు కురుచగా ఉండవలెను. బోర్డు చెంతనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు టంకము పెట్టవలెను. బ్యాటరీ ధన ధ్రువమునకు ఆనుకొని 5 ఆంపియర్ల ఫ్యూజు ఉండి తీరవలెను.

పాత మైకుసెట్ల పనిలో చేయి తిరిగినవాడు స్పీకర్లు తగిలించుచోట పొరబడును. స్పీకర్ల ఋణ తీగలన్నింటిని కలిపి ఎర్తునకు ముడివేయుట అతనికి పరిపాటి. ఈ చిప్పులలో పెక్కింటికి స్పీకరు రెండు కొనలును కదలునవే, ఒకటియు ఎర్తు కాదు. వానిని కలిపినచో అదృష్టమున్న రక్షణ వలయము పనిచేసి మూగబోవును, లేనిచో చిప్పు మాడును.

మరియొక చిక్కు. 400 కిలోహెర్ట్‌జులతో కొట్టుకొను చిప్పుయొక్క గుణిజములు 800, 1200 వద్ద లేచి ఆకాశవాణి మీడియం వేవు నడుమ పడును. ప్రక్కగదిలో తాతగారు వార్తలు వినువారైనచో, స్పీకరు తీగలను పొడవు తగ్గించి రెంటిని మెలివేయుట, బోర్డును లోహపు పెట్టెలో ఉంచుట, వేగమును మార్చు జంపరు బోర్డుపై యున్నచో దానిని మార్చి చూచుట ఉత్తమము. అప్పటికిని గురగుర మానకున్న, వార్తల వేళకు యాంప్లిఫయరును ఆపుటే మర్యాద.