చేతి చలువ చెప్పెడి మాట

భయపడినవానిని గూర్చి “కాళ్లు చేతులు చల్లబడినవి” అని మనవారు చెప్పుట వాడుక. ఈ నానుడిలో శరీరధర్మమే యున్నది. ఉష్ణమాపకముతో దీనిని కొలిచి చూపవచ్చును.

వ్రేలికొనలయందు సూక్ష్మధమనులనుండి సిరలలోనికి నెత్తురు నేరుగా పోవుటకు అడ్డదారులు పెక్కు గలవు. సహానుభూత నాడీమండలము వీనిని తెరచుచు, మూయుచు నుండును. మనస్సు కలతపడినప్పుడు ఆ నాడులు రక్తనాళములను బిగించును. వెచ్చని నెత్తురు రాక తగ్గి వ్రేలు చల్లబడును. మనస్సు కుదుటపడగా నాళములు సడలి వ్రేలు మరల వెచ్చబడును.

నాడులకును చర్మపు వేడికిని గల ఈ సంబంధము అనుకొనని రీతిగా బయటపడినది. 1851లో ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ కుందేలు మెడలోని సహానుభూత నాడిని ఖండించెను. నాడి తెగినచో ఆ వైపు చల్లబడునని ఆయన తలచెను. జరిగినది అందుకు విరుద్ధము. ఆ వైపు చెవిలో రక్తనాళములు ఉబ్బి, చేతితో తాకినంతనే తెలియునట్లు చెవి వేడెక్కెను. మరుసటి యేడు అమెరికాలో బ్రౌన్ సెకార్డ్ తెగిన నాడి పైకొనకు విద్యుత్తు సోకింపగా నాళములు ముడుచుకొని, చెవి చల్లబడెను. ఆ నాడి నెత్తురు కాలువకు తూముతలుపు వంటిదని ఇట్లు తేలినది.

నేడు చేతిగడియారములును, ఉంగరములును సైతము చర్మపు ఉష్ణోగ్రతను కొలుచుచున్నవి. అయితే ఆ అంకెను చదువుటలో జాగ్రత్త వలయును. శరీరాంతర్భాగము 37 డిగ్రీల సెల్సియస్ దరిదాపున నిలిచియుండగా, వ్రేళ్ల ఉష్ణోగ్రత పది డిగ్రీలకు మించియు మారగలదు. గదిలోని చలి వ్రేలిని చల్లబరచును, పొగత్రాగుటయు చల్లబరచును. 1862లో మారిస్ రేనో వర్ణించిన వ్యాధి గలవారికి కొద్దిపాటి చలికే వ్రేళ్లు పాలిపోవును. పైగా నాడి స్పందించిన కొంతసేపటికి గాని చర్మము చల్లబడదు. కావున ఒక్క అంకెను బట్టి నిర్ణయింపరాదు. అదే గదిలో, అదే మనిషికి, నెమ్మదిగా నున్నప్పటి ఉష్ణోగ్రతతో పోల్చి, మార్పును మాత్రమే గమనింపవలెను.

ఆ మార్పు సైతము అంతా చెప్పదు. ఉద్యోగపరీక్షకు వచ్చిన యువకుని చేయి చల్లబడవచ్చును. న్యాయస్థానమున నిలిచిన నిర్దోషి చేయియు చల్లబడవచ్చును. అంతమాత్రమున మొదటివానిని అసమర్థుడనుటయు, రెండవవానిని అపరాధి యనుటయు అన్యాయము. నాడుల కలతను చర్మము తెలుపగలదు. ఆ కలతకు కారణమేమో మనిషిని అడిగి, అతడు చెప్పునది ఓపికతో వినియే తెలిసికొనవలెను.